గ్యాస్ పట్టే ముందు లీకు వెతికే షెడ్డు: విజయవాడ ఆటోనగర్‌లో ఒక కారు ఏసీ మేస్త్రి పనితీరు

కారు ఏసీలోంచి వేడి గాలి వస్తోందని చెప్పగానే గ్యాస్ డబ్బా చేతికి తీసుకోని మెకానిక్ మన ఊళ్లలో దొరకడం కష్టం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనుక వీధిలో ఉన్న ఒక చిన్న ఏసీ వర్క్‌షాపు గురించి రాయడానికి నాకున్న ముఖ్య కారణం అదే. అక్కడి మేస్త్రి ముందు బండిని వింటారు, తర్వాత చూస్తారు, ఆ తర్వాతే గ్యాస్ ఒత్తిడిని చూపే గేజ్ తగిలిస్తారు. గ్యాస్ మాట అన్నింటికన్నా చివర వస్తుంది. షాపు పేరు రాయవద్దని ఆయనే కోరారు. ఎండాకాలంలో ఉన్న పనికే మనుషులు చాలడం లేదని, కొత్తవాళ్లు వస్తే పాతవాళ్లకు మాట తప్పాల్సి వస్తుందని ఆయన బాధ. అందువల్ల పేరు లేకుండా పని ఎలా జరిగిందో మాత్రమే రాస్తున్నాను. ఇదే పని మరెక్కడ చేయించుకునేవారికైనా మంచి పనిని గుర్తుపట్టడానికి ఇది పనికి రావాలని నా ఉద్దేశం.

మాది పదేళ్లు దాటిన చిన్న పెట్రోలు కారు. ఎక్కువ కాలం మచిలీపట్నంలో, ఉప్పుగాలి తగిలే చోట నిలిచిన బండి. వరుసగా రెండు వేసవుల్లో వేర్వేరు చోట్ల గ్యాస్ పట్టించాము. పట్టించిన ప్రతిసారీ కొన్ని వారాలు చల్లగా ఉండి, సరిగ్గా రోహిణి కార్తె ఎండలు ముదిరే సమయానికి గ్రిల్‌లోంచి వడగాలి మొదలయ్యేది. ఈసారి ముందుగా కంపెనీ గుర్తింపు ఉన్న ఒక సర్వీస్ సెంటరులో చూపిస్తే, లీకు పరీక్ష ఏదీ చేయకుండానే గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్, బండి ముందు భాగంలో వేడిని బయటికి వదిలే కండెన్సర్, లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మూడూ మార్చాలని 30,000 రూపాయలు దాటిన ఎస్టిమేటు చేతికిచ్చారు. ఏ భాగం పాడైందని అడిగితే, పాత బండి కాబట్టి అన్నీ మారిస్తే మళ్లీ రావలసిన అవసరం ఉండదన్న సమాధానం వచ్చింది. అది మరమ్మతు కింద లెక్కకు వస్తుందో రాదో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఆటోనగర్ మేస్త్రి మొదట అడిగిన ప్రశ్నలు నాకు బాగా నచ్చాయి. బండి సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు వేడి గాలి వచ్చి, హైవే ఎక్కాక చల్లబడుతోందా? లేక ఎప్పుడూ ఒకేలా ఉంటోందా? మొదట పది నిమిషాలు చల్లగా ఉండి తర్వాత వేడెక్కుతోందా? ఒక గ్రిల్‌లో చల్లగా, మరో గ్రిల్‌లో వేడిగా వస్తోందా? గాలి జోరు తగ్గిందా, లేక జోరు అలాగే ఉండి చల్లదనం మాత్రమే పోయిందా? డాక్టరు గారు నాడి పట్టుకునే ముందు అడిగే ప్రశ్నల్లాంటివే ఇవి. ఒక్కొక్క జవాబు ఒక్కొక్క వైపు దారి చూపిస్తుంది. నిలిచినప్పుడు మాత్రమే వేడి గాలి వస్తే అనుమానం ముందున్న ఫ్యాన్ మీదికి, దానికి కరెంటు అందించే రిలే మీదికి, లేదా దుమ్ముతో మూసుకుపోయిన కండెన్సర్ రెక్కల మీదికి వెళుతుంది, ఎందుకంటే బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి ఆ ఫ్యాన్ చేయవలసిన పనిని తానే చేసేస్తుంది. కాసేపు చల్లగా ఉండి తర్వాత గాలి జోరే తగ్గిపోతే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందని, ఉష్ణోగ్రత సెన్సర్ చెప్పవలసిన సమయానికి కంప్రెసర్‌ను ఆపమని చెప్పడం లేదని అనుకోవచ్చు. జోరు మొదటి నుంచీ తక్కువైతే గ్లోవ్ బాక్స్ వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టర్‌ను తీసి చూడడం సగం సందర్భాల్లో చాలునని ఆయన అంటారు. కొన్ని బండ్లలో హీటర్ వైపు తిప్పే తలుపు డ్యాష్‌బోర్డు లోపల సగంలో ఇరుక్కుపోతుంది. అప్పుడు ఏసీ నిక్షేపంగా పనిచేస్తున్నా, చల్లగాలిలో హీటర్ గాలి కలిసి మనకు చేరుతుంది. అలాంటి బండికి గ్యాస్ పట్టి పంపడం ఎంత తెలివితక్కువ పనో చెప్పనక్కర్లేదు.

మా బండిలో గాలి జోరు బాగుంది, ముందు ఫ్యాన్ తిరుగుతోంది, స్విచ్ వేయగానే కంప్రెసర్‌ను ఇంజిన్‌కు కలిపే క్లచ్ కూడా టక్కున పట్టుకుంటోంది. ఇవి నిర్ధారించుకోవడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది, దానికి డబ్బు తీసుకోలేదు. తర్వాత ఇంజిన్ చల్లారేదాకా ఆగి, బండి ఆపి ఉండగానే గేజ్ తగిలించారు. ఇక్కడ కొంచెం వివరం అవసరం. మన రోడ్ల మీదున్న కార్లలో చాలావాటిలో ఉండేది ఆర్134ఏ అనే గ్యాస్. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఓజోన్ పొరను దెబ్బతీసే పాత ఆర్12ను దశలవారీగా తొలగించినప్పుడు దాని స్థానంలోకి వచ్చింది ఇదే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గొట్టాల్లో కొంతైనా ద్రవరూపంలో గ్యాస్ మిగిలి ఉంటే, దాని ఒత్తిడి ఆనాటి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. నీడలో 35 డిగ్రీలు ఉంటే గేజ్ మీద సుమారు 115 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) కనిపించాలి. అలా కనిపించినంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉందని చెప్పలేము, ఎందుకంటే 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా ముల్లు దాదాపు అక్కడే నిలుస్తుంది. అంతకన్నా బాగా తక్కువ కనిపిస్తే మాత్రం లోపల ద్రవం లేదని, మిగిలింది ఉత్త ఆవిరేనని ఖాయంగా చెప్పవచ్చు. గేజ్‌లో కంప్రెసర్ పీల్చే తక్కువ ఒత్తిడి వైపుకు ఒక ముల్లు, నెట్టే ఎక్కువ ఒత్తిడి వైపుకు ఒక ముల్లు ఉంటాయి. మా బండిలో ఆ రెండు ముళ్లూ 50కి కాస్త అటూఇటూగా ఆగాయి. ఇంజిన్ వేసి ఏసీ ఆన్ చేస్తే తక్కువ ఒత్తిడి ముల్లు సున్నా వైపు పడిపోయింది, ఎక్కువ ఒత్తిడి ముల్లు ఉండవలసిన చోటికి సగం దూరం కూడా లేవలేదు.

అదే సమయంలో కంప్రెసర్ గురించి నా భయం కూడా తీరింది. కంప్రెసర్ లోపల అరిగిపోయి ఉంటే తక్కువ వైపు ఒత్తిడి పెరిగి, ఎక్కువ వైపు ఒత్తిడి తగ్గి, రెండు ముళ్లూ ఒకదాని దగ్గరికి ఒకటి వస్తాయి. మా దాంట్లో తక్కువ వైపు ముల్లు వేగంగా పడిపోయిందంటే పీల్చే శక్తి ఉన్నట్టే. రెండు వైపులా ఒత్తిడి అతిగా ఉంటే గ్యాస్ ఎక్కువ పట్టారనో, కండెన్సర్‌కు గాలి ఆడడం లేదనో అర్థం. ఇంతటి సమాచారం రెండు ముళ్లలో దొరుకుతుండగా, ఆ ముళ్లను చూడకుండానే కంప్రెసర్ మార్చాలని రాసిచ్చిన ఎస్టిమేటు గుర్తొచ్చి నాకు నవ్వు వచ్చింది.

“గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యే వస్తువు కాదండీ. తగ్గిందంటే ఎక్కడి నుంచో పోయినట్టే. అది ఎక్కడో చూడకుండా నేను పట్టను,” అన్నారు మేస్త్రి.

“ఎంతసేపు పడుతుంది మేస్త్రి గారూ?” అంటే, “అది లీకు చెప్పాలండీ, నేను చెప్పలేను,” అన్నారు.

లీకు వెతికిన పద్ధతే ఈ షాపుకున్న అసలు బలం. ఏసీ గొట్టాల్లో గ్యాస్‌తో పాటు కంప్రెసర్‌కు అవసరమైన ఆయిల్ కూడా తిరుగుతూ ఉంటుంది కాబట్టి, గ్యాస్ బయటికి పోయే చోట ఆయిల్ చెమ్మ కూడా బయటికి వచ్చి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మరక కడుతుంది. మేస్త్రి టార్చి వేసి ప్రతి జాయింటునూ, కంప్రెసర్ ముందు సీలునూ, కండెన్సర్ నాలుగు మూలలనూ వరుసగా చూసుకుంటూ వెళ్లారు. కండెన్సర్ కింది ఎడమ మూలలో అలాంటి మరక ఉంది. సాధారణంగా అంతటితో నిర్ధారించేస్తారు. ఈయన మాత్రం నైట్రోజన్ సిలిండరు తెప్పించి, గొట్టాల్లోకి 150 పీఎస్‌ఐ దాకా ఎక్కించి, కవాటం మూసేసి, గేజ్ మీద ముల్లు నిలిచిన చోట చాక్‌పీసుతో గీత గీసి వదిలేశారు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ముల్లు గీత కిందికి జారింది. అప్పుడు సబ్బు నురగ పూస్తే కండెన్సర్ మూలలో సన్నని బుడగలు వరుసగా లేచాయి. అక్కడితో ఆగకుండా గ్యాస్ పట్టే కవాటం మూత విప్పి లోపలి పిన్ను మీద కూడా నురగ వేస్తే, అక్కడ నిదానంగా ఒక పెద్ద బుడగ ఉబ్బింది. అంటే లీకులు రెండు. మొదటిది దొరకగానే చేతులు దులుపుకుని ఉంటే, ఖరీదైన కండెన్సర్ మార్చిన తర్వాత కూడా ఒక చిన్న పిన్ను మళ్లీ వేసవికి మమ్మల్ని అదే స్థితికి తెచ్చి ఉండేది.

కొన్ని చోట్ల నైట్రోజన్‌కు బదులు టైర్లకు పట్టే మామూలు గాలితోనే లీకు పరీక్ష చేస్తారు. ఆ గాలిలో తేమ ఉంటుంది. కంప్రెసర్ ఆయిల్ ఆ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. లోపల చేరిన నీరు, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, మెల్లగా ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది కూడా. వెల్డింగ్ షాపు పక్కనే ఉంది కదా అని ఆక్సిజన్ ఎక్కించేవారి గురించైతే వినడానికే భయం వేస్తుంది, ఎందుకంటే ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే పేలుడు జరగవచ్చు. మీ బండికి ఏ సిలిండరు తగిలిస్తున్నారో చూసుకోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

కండెన్సర్‌ను అతికించవచ్చా అని అడిగాను. అతికించేవారు ఆటోనగర్‌లోనే ఉన్నారని, కానీ ఉప్పుగాలికి తిన్న అల్యూమినియం ఒక చోట అతికిస్తే పక్కన ఊడుతుందని మేస్త్రి చెప్పి, చేత్తో రెక్కలను తడిమి చూపిస్తే అవి పొడిపొడిగా రాలిపోయాయి. లీకు మూసే ద్రవాల డబ్బాలను ఆయన షాపులోకే రానివ్వరట. అవి లీకును మూస్తాయో లేదో గాని ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను మూసేస్తాయని ఆయన అభిప్రాయం. కొత్త కండెన్సర్‌కు కంపెనీ పెట్టెలోది ఒక ధర, బయటి తయారీదారుది దాదాపు సగం ధర చెప్పి, రెండిటి తేడా ఏమిటో కూడా చెప్పారు. మా బండి వయసు చూసి నేను రెండోది ఎంచుకున్నాను. మా మోడల్‌లో తేమను పట్టే డ్రయర్ కండెన్సర్‌లోనే కలిసి వస్తుంది కాబట్టి అది విడిగా కొనవలసిన పని లేకపోయింది. డ్రయర్ విడిగా ఉండే బండ్లలో, గొట్టాలు విప్పినప్పుడు దాన్ని కూడా మార్చమని అడగడం మంచిది.

బిగించేటప్పుడు విప్పిన ప్రతి జాయింటుకూ కొత్త ఓరింగు (రబ్బరు సీలు) వేసి, దానికి ఆయిల్ రాసి మరీ కూర్చోబెట్టారు. పాత కండెన్సర్‌తో పాటు బయటికి పోయిన ఆయిల్‌కు బదులు కొత్త ఆయిల్‌ను కొలిచి పోశారు. వాక్యూమ్ పంపును నలభై ఐదు నిమిషాలకు పైగా నడిపించారు. గొట్టాల్లో శూన్యం ఏర్పడితే లోపలి నీరు మామూలు ఎండ వేడికే మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తుంది, ఆ పని జరగడానికి సమయం కావాలి; ఐదు నిమిషాల వాక్యూమ్ కేవలం లాంఛనం. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలిచిందని నాకు పిలిచి చూపించారు. చివరకు డబ్బాను తూకపు యంత్రం మీద నిలబెట్టి, బానెట్ కింద అతికించిన కాగితంలో ఉన్నట్టు 400 గ్రాములు ఎక్కించారు. గేజ్ చూసి ఉజ్జాయింపుగా పట్టడానికీ తూకం వేసి పట్టడానికీ తేడా చిన్న కార్లలోనే ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే అంత తక్కువ గ్యాస్ పట్టే వ్యవస్థలో 100 గ్రాములు ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. ఎక్కువ పడితే ఎక్కువ చల్లన అనే నమ్మకం మనవాళ్లలో ఎంత బలంగా ఉందంటే, నేను అక్కడ ఉండగానే ఒక పెద్దాయన ఇంకాస్త పట్టమని మేస్త్రితో వాదించి, చివరకు అలిగి వెళ్లిపోయారు.

ఫలితం సంగతికి వస్తే, బయట 38 డిగ్రీలున్న మధ్యాహ్నం, పనికి ముందు మధ్య గ్రిల్‌లో థర్మామీటరు 27 డిగ్రీల దగ్గర ఉండగా, పని తర్వాత బండి నడుస్తున్నప్పుడు 9 డిగ్రీలకు, సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు 13 డిగ్రీలకు వచ్చింది. ఆ వేసవి అంతా, కార్తె ఎండల్లో కూడా, అందులో పెద్ద మార్పు లేదు. ఖర్చు కండెన్సర్‌కు సుమారు 4,500, బంపర్ విప్పి బిగించడంతో కలిపి కూలి 1,800, వాక్యూమ్, గ్యాస్‌లకు 1,500, ఆయిల్, ఓరింగులు, పిన్నులకు 400, మొత్తం 8,200 రూపాయల చిల్లర. లీకు మీద ఆరు నెలల హామీ ఇచ్చారు.

ఇక లోపాలు. వాటిని దాచితే ఈ సమీక్షకు విలువ ఉండదు. కూర్చోవడానికి రేకుల కింద ఒక బల్ల తప్ప ఏమీ లేదు, చుట్టూ గ్రైండర్ల మోత. సాయంత్రానికి ఇస్తామన్న బండిని మర్నాడు మధ్యాహ్నం ఇచ్చారు, ఆలస్యమవుతుందని ఫోను కూడా చేయలేదు. బిల్లు అడిగితేనే రాశారు, అది కూడా తెల్లకాగితం మీద. మార్చిన విడిభాగానికి హామీ కావాలంటే కొన్న దుకాణం రసీదును పట్టుబట్టి తీసుకోవాలి. సీట్ల మీద, తివాచీ మీద కవర్లు వేయరు. కూలింగ్ కాయిల్ లీకును పట్టే ఎలక్ట్రానిక్ పరికరం లేదు. డ్యాష్‌బోర్డు వెనుక నురగ పూయడం కుదరదు కనుక, అక్కడ అనుమానం ఉన్న బండికి ఈయన పద్ధతిలో కండెన్సర్ వైపును విడదీసి ఒక్కో భాగాన్ని నైట్రోజన్‌తో పరీక్షించాలి, అందుకు ఒక పూట అదనంగా పడుతుంది.

వీటన్నింటికన్నా నాకు పెద్దగా అనిపించిన లోపం మరొకటి ఉంది. మా బండిలో గ్యాస్ మిగిలిందే తక్కువ కాబట్టి తేడా కనబడలేదు గాని, పక్కన మరో కారు గొట్టాలు విప్పే ముందు లోపలి గ్యాస్‌ను బుస్సుమని గాలిలోకి వదిలేశారు. ఆర్134ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా, భూమిని వేడెక్కించడంలో అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఆ కారణంగానే ఈ తరగతి వాయువులను తగ్గించుకుంటామని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి, 2021లో భారతదేశం కూడా ఆమోదించింది. వదిలేసే గ్యాస్‌ను పట్టి శుభ్రపరిచి తిరిగి వాడే యంత్రాలు పెద్ద సర్వీస్ సెంటర్లలో ఉన్నాయి. ఈ విషయం అడిగితే, యంత్రం ధర చెప్పి మేస్త్రి ఊరుకున్నారు. ఆయన ఆదాయానికి అది భారమే. అయినా ఇంత పద్ధతిగా పనిచేసే మనిషి దగ్గర ఆ ఒక్క పని అలా జరగడం బాగాలేదు.

ఆయన చేయనన్న పనులు కూడా చెప్పాలి. హైబ్రిడ్, విద్యుత్ కార్ల ఏసీలను ఆయన ముట్టుకోరు. వాటిలో కంప్రెసర్ ఎక్కువ ఓల్టేజీ విద్యుత్తుతో నడుస్తుంది, దానికి వాడే ఆయిల్ వేరు. మామూలు కార్ల ఆయిల్ అంటిన గొట్టాలతో వాటికి గ్యాస్ పట్టినా ఇన్సులేషన్ దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి తన గేజ్ గొట్టాలు వాటికి తగిలించనని ముందే చెప్పేస్తారు. ఎవరు ఎంత ఇస్తామన్నా ఆ మాట మార్చరు. అలాగే తక్కువ ధరకు దొరికే పేరులేని డబ్బాల గ్యాస్ వాడరు. కల్తీ డబ్బాల్లో మండే వాయువులు కలిసే అవకాశం ఉందని, బండి ముందు భాగం గుద్దుకుంటే వాటితో అపాయమని ఆయన వివరించారు. సీలు ఉన్న డబ్బాను మన ముందే తెరుస్తారు, ఖాళీ డబ్బా అడిగితే ఇచ్చేస్తారు.

వెళ్లదలచుకున్నవారు ఏప్రిల్, మే నెలల్లో వెళితే బండి రెండు మూడు రోజులు అక్కడే ఉండిపోతుందని సిద్ధపడాలి. ఫిబ్రవరిలో ఆయనకు ఖాళీ ఉంటుంది, తీరిగ్గా చూస్తారు. వెళ్లే ముందు క్యాబిన్ ఫిల్టరు తీసి దులిపి, బ్లోయర్, కంప్రెసర్ ఫ్యూజులు చూసుకుని, లోపలి గాలే తిరిగే మీట వేసి ఒకసారి ప్రయత్నించడం మంచిది. ఆ చిన్న పనితోనే తేలిపోతే ఆయనే నవ్వి పంపేస్తారు గాని, అక్కడిదాకా వెళ్లిన పెట్రోలు మనదే. ఆదివారం సెలవు. ఉదయం పది దాటాకే షట్టరు ఎత్తుతారు.